చెత్తపెట్టెలో కూడా దొరకని ఉత్తరం

మా అన్నయ్యని ఆసుపత్రిలో అందరూ జల్లెడ అనేవాళ్ళు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. ఆయనా పలకడం మొదలుపెట్టాడు. ఫోనెత్తి "జల్లెడనండీ, చెప్పండి" అనడం నా చెవులతో నేనే విన్నాను. సిగ్గూ ఎగ్గూ లేని మనిషివని తిట్టాను. "చేసేది ఆ పనే అయినప్పుడు ఉలుకెందుకే అమ్మడూ" అన్నాడు. నాకు నలభై ఏడేళ్ళు. ఇప్పటికీ అమ్మడూ అనే పిలుస్తాడు.

పని నిజంగా అదే. ఆసుపత్రికి వచ్చే ఈమెయిళ్ళన్నీ ముందు అన్నయ్య చూసుకునే సర్వర్‌లో పడేవి. బట్టలుతికే గది పక్కన, ఒకప్పుడు చీపుర్లూ బకెట్లూ పెట్టుకునే చిన్న గదిలో ఉండేది అది. గోడ అవతల వాషింగ్ మిషన్లు తిరిగినప్పుడల్లా బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణికేవి. వచ్చిన మెయిళ్ళలో మంచివాటిని సర్వర్ లోపలికి పంపేది. లాటరీ తగిలిందనీ, ఖాతా మూసేస్తామనీ, బట్టతల మీద జుట్టు మొలిపిస్తామనీ వచ్చేవాటిని చెత్తపెట్టెలో వేసేది. ఏది మంచో ఏది చెడో చెప్పే రూళ్ళన్నీ అన్నయ్య కూర్చుని ఒక్కొక్కటే రాసుకున్నవి. కాలేజీలో చదివిన చదువు కాదది. తపాలా విభాగంలో కవర్ల మీద ముద్రలేసే గుమాస్తాగా చేరాడు. కంప్యూటర్లు వచ్చినప్పుడు మిగతావాళ్ళంతా మాకొద్దు బాబోయ్ అని తప్పుకుంటే, నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి ఆ పని తన నెత్తిన పడింది. లావుపాటి పుస్తకాలు ఇంటికి తెచ్చుకుని, వదిన విసుక్కుంటుంటే అన్నం తింటూ చదివేవాడు.

అన్నయ్యకి ఒక అలవాటుండేది. పొద్దున్న ఏడింటికల్లా వచ్చి, టీ పక్కన పెట్టుకుని, చెత్తపెట్టె తెరిచి అందులో పడ్డవన్నీ తన కళ్ళతో చూసేవాడు. రోజుకి మూడు నాలుగు వందలు. ఎవరూ చెయ్యమనలేదు, ఎక్కడా రాసి లేదు. "మిషనుకి మనిషి గోడు తెలీదు" అనేవాడు. ఊకలో గింజ దొరికినట్టు అప్పుడప్పుడూ ఒక అసలు ఉత్తరం దొరికేది. కొడుకు ఎక్స్‌రే ఫైలు కావాలని ఒక తండ్రి అక్షరదోషాలతో రాసుకున్నది, ఏదో చిన్న క్లినిక్ నుంచి వచ్చిన రక్తపరీక్ష. దాన్ని ఏరి లోపలికి పంపించి, ఆ రోజంతా వెలిగిపోతూ తిరిగేవాడు. "నా చేతిలోంచి ఒక్క గింజ పోదే" అని మధ్యాహ్నం డబ్బా విప్పుతూ చెప్పేవాడు. అదే ఆసుపత్రిలో నేను రికార్డుల కౌంటర్లో పనిచేస్తాను కాబట్టి భోజనం కలిసే చేసేవాళ్ళం.

చెత్తపెట్టెలోకి కూడా రానివి ఒక రకం ఉండేవి. దొంగమెయిళ్ళు పంపేవాళ్ళు మా ఆసుపత్రి పేరు దొంగిలించి, మేమే పంపినట్టు లోకమంతా పంపేవాళ్ళు. అవి చేరని చోటల్లా "మీరు పంపిన ఉత్తరం తీసుకోలేదు" అని మాకు కబురొచ్చేది. మేం పంపలేదు మొర్రో అంటే వినేదెవరు? రోజుకి రెండు మూడు వేలు వచ్చిపడేవి. చదివి చదివి కళ్ళు పీక్కుపోయి, మూడేళ్ళ కిందట అన్నయ్య ఒక రూలు రాశాడు. ఉత్తరం తీసుకోలేదని ఏ కబురొచ్చినా, పెట్టెలో కూడా వెయ్యకుండా, అక్కడికక్కడే చెరిపెయ్. ఇలాంటి పని చేసేవాళ్ళు చాలామంది అదే చేస్తారట. ఆ రోజు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు పాపం.

పోయిన ఏడాది పైవాళ్ళకి కొత్త బుద్ధి పుట్టింది. మెయిలంతా బయట కంపెనీ సర్వర్‌కి మార్చేద్దామన్నారు. ఒక్కసారిగా మారిస్తే గందరగోళమని, కొన్నాళ్ళు పాతదాంట్లోనే పడనిచ్చి, అక్కడ వడగట్టి, మంచివాటిని కొత్తదానికి ఫార్వర్డ్ చెయ్యమన్నారు. అన్నయ్య రెండు రోజులు కూర్చుని అమర్చాడు. పరీక్షకని తన మెయిలు, నా మెయిలు, వదినది, పెద్దసారుది పంపి చూశాడు. అన్నీ చేరాయి. పెద్దసారంటే పరిపాలనంతా చూసే ఆయన. భుజం తట్టాడట కూడా.

తర్వాత తెలిసిందేమిటంటే, కొన్ని పెద్ద ల్యాబులు దొంగల భయానికి ముందే ప్రకటించి పెట్టుకుంటాయట, తమ పేరుతో ఉత్తరం తమ సొంత మిషన్ నుంచి వస్తేనే తీసుకోండి, ఇంకెవరు తెచ్చినా నమ్మకండి అని. ల్యాబు రాసిన ఉత్తరాన్ని మా పాత సర్వర్ మోసుకెళ్ళి ఇచ్చేసరికి, కొత్త సర్వర్ దాన్ని దొంగ అనుకుంది. తలుపు వేసేసింది. వేసేసి, మర్యాదగా "తీసుకోలేదు" అని పాతదానికి కబురూ పెట్టింది. ఆ కబురుని అన్నయ్య మూడేళ్ళనాటి రూలు అక్కడికక్కడే చెరిపేసింది. ఉత్తరం అటు చేరలేదు, ఇటు చెత్తపెట్టెలోనూ లేదు. ఏడు వారాలు ఇలాగే గడిచాయి.

ఆ ఏడు వారాల్లోనే బడి వ్యాను నడిపే అతను నా కౌంటర్‌కి వచ్చాడు.

ముప్పై తొమ్మిదేళ్ళు. మెడ పక్కన చిన్న గడ్డ. మా డాక్టరు ముక్క తీసి బయట ల్యాబుకి పంపాడు. ఫలితం మెయిల్లో వస్తుంది, సోమవారం రమ్మన్నాం. వచ్చాడు. పిల్లల్ని బడి దగ్గర దింపి నేరుగా వచ్చేవాడు, చొక్కాజేబులో వ్యాను తాళాలు గలగలమంటూ. "వచ్చిందా మేడమ్?" అంటే కంప్యూటర్ చూసి "రాలేదండీ" అన్నాను. తర్వాతి సోమవారం వచ్చాడు. రాలేదన్నాను. మూడో సోమవారం నేనే జాలిపడి ల్యాబుకి ఫోన్ చేశాను. "ఎప్పుడో పంపించాం, మీ మెయిల్ సరిగ్గా చూసుకోండి, కావాలంటే మళ్ళీ పంపుతాం" అన్నారు. మళ్ళీ పంపారు. మళ్ళీ రాలేదు.

మధ్యాహ్నం అన్నయ్యతో చెప్పాను. డబ్బా మూసేసి వెళ్ళి, చెత్తపెట్టె రెండుసార్లు కిందా మీదా వెతికాడు. లేదు.

"పంపలేదే వాళ్ళు. పంపామని బొంకుతున్నారు. పంపితే ఇటో అటో ఉండాలిగా?"

"నీ సర్వర్లో ఏమైనా తేడా ఉందేమో చూడరాదూ?"

"నా దాంట్లోనా?" అని నా వంక చూసి నవ్వాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేనూ ఆ నవ్వునే నమ్మాను. పాతికేళ్ళుగా నమ్ముతున్న మనిషి.

నాలుగో సోమవారం వ్యానతను వచ్చినప్పుడు నేను కాస్త కసిరాను కూడా. "వస్తే మేమే ఫోన్ చేస్తాం కదండీ, ఊరికే తిరగడం ఎందుకు?" అన్నాను. అతను నొచ్చుకోలేదు. "ఇటు మీదుగానే వెళ్తాను మేడమ్, పర్లేదు" అన్నాడు. అయిదో సోమవారం మెడకి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. ఆరోసారి అతను రాలేదు, భార్య వచ్చింది. గార్మెంట్ ఫ్యాక్టరీలో కుడుతుందట, సెలవు పెట్టి వచ్చింది. రాలేదన్న నా మాట వినగానే ఒక్క నిమిషం కూడా నిలబడకుండా, రెండు బస్సులు మారి ల్యాబుకే వెళ్ళి, కాగితం చేత్తో పట్టుకొచ్చింది. ఆ కాగితం మీద తేదీ మొదటి సోమవారానికి మూడు రోజుల ముందుది. క్యాన్సరనీ, వెంటనే వైద్యం మొదలుపెట్టాలనీ అందులో రాసి ఉంది.

అప్పటికి అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. డాక్టరు ఆమె ముందు ఏమీ అనలేదు. ఆమె వెళ్ళాక ఫైలు నా బల్ల మీద పడేసి, "నెల ముందు చూసుంటే చేతిలో ఉండేది" అని వెళ్ళిపోయాడు. వాళ్ళకి ఆరుసార్లు లేదని చెప్పిన నోరు నాది. ఇంటికొచ్చి కుళాయి తిప్పి వదిలేసి ఏడ్చాను.

ఆమె ఫిర్యాదు ఇచ్చింది. పెద్దసారు, "మాకు చేరలేదు, ల్యాబు పంపలేదు" అని జవాబు రాయించి, ఆ కింద సంతకం పెట్టమని అన్నయ్యకి పంపాడు. సంతకం పెట్టబోయే ముందు, ఎందుకైనా మంచిదని, అన్నయ్య మొదటిసారి సర్వర్ చిట్టా తెరిచాడు. వచ్చిన ప్రతి ఉత్తరం గురించీ సర్వర్ తనంతట తనే ఒక వరుస రాసుకుంటుంది, ఎప్పుడొచ్చింది, ఎక్కడికి పంపాను, ఏమైంది అని. ఉత్తరం ఉండదు గానీ దాని జాడ ఉంటుంది.

మెట్ల దగ్గరికి నన్ను పిలిచాడు.

"వచ్చిందే. పదీ పద్నాలుక్కి వచ్చింది. నేనే పంపాను. అవతల తీసుకోలేదు. ఆ కబురు నేనే చెరిపేశాను. రెండోసారి కూడా అంతే."

మెట్ల కింద ఎవరైనా ఉన్నారేమోనని తొంగిచూశాను. "ఇంకెవరికైనా చెప్పావా?"

"పెద్దసారుకి చెప్పాలి కదా."

చెప్పాడు. వద్దంటే విన్నాడా? పెద్దసారు అరవలేదు, కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడట. కొత్త సర్వర్ వైపు ఆ పూటే సరిచేయించి, నెమ్మదిగా చెప్పాడట. "పాతదాన్ని శుక్రవారం ఎలాగూ తీసేస్తున్నాం. పదకొండింటికి డిస్కు తుడిచెయ్యండి, నేనే వచ్చి చూస్తాను. ఆ రూలు రాసింది మీరు. రిటైర్మెంటు రెండేళ్ళలో ఉంది. ఇదంతా మీ మంచికే చెప్తున్నాను." కంచే చేను మేస్తుంటే కాపలావాడు ఎవరికి చెప్పుకోవాలి?

వదిన రెండు రోజులు బతిమాలింది, కోప్పడింది, మాట్లాడటం మానేసింది. అన్నయ్య ఒక్కటే అన్నాడు. "ఆ ల్యాబు వాళ్ళని బొంకుతున్నారన్నాను నేను. ఆ జాడ కాగితం మీద తీసి ఆమెకివ్వకపోతే నేనేంటి మరి?" ఎప్పుడూ గొంతెత్తని మనిషి గొంతెత్తలేదు అప్పుడు కూడా. అందుకే ఇక ఆగడని తెలిసిపోయింది నాకు.

శుక్రవారం తొమ్మిదిన్నరకి వెళ్ళాం. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. గోడ అవతల మిషన్లు దడదడమంటున్నాయి. అన్నయ్య ల్యాబు పేరు కొట్టి, రోగి నంబరు కొట్టి, ఆ రెండు వరుసలూ ఉన్న పేజీ తీశాడు. ఫోన్లు బయటే పెట్టెలో వేసి రావాలి ఆ గదికి, కాబట్టి ప్రింటరే గతి. అది ముక్కుతూ మూలుగుతూ ఒక్క కాగితం కక్కడానికి రెండు నిమిషాలు తీసుకుంది. నేను దాన్ని మడిచి జాకెట్లో దోపుకున్నాను.

అన్నయ్య లేవలేదు. తెర మీద ఇంకేదో వెతుకుతున్నాడు.

"నలభై ఒకటి ఉన్నాయే" అన్నాడు. "ఇలా ఆగినవి. మొత్తం తీస్తాను, ఉండు."

కారిడార్ చివర లిఫ్టు తెరుచుకున్న చప్పుడైంది. పెద్దసారు గొంతు వినిపించినట్టనిపించింది నాకు.

"చాలు అన్నయ్యా. ఒక్కటి చాలు. లే."

"అయిదు నిమిషాలు..."

"లేస్తావా లేదా? నన్ను కూడా రోడ్డున పడేస్తావా?"

తెర ఆర్పి లేచాడు. లిఫ్టులో వచ్చింది దుప్పట్ల బండి. అయినా అన్నయ్యని మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళనివ్వలేదు నేను. పెద్దసారు పదకొండింటికే వచ్చాడు, చెప్పిన మాట ప్రకారం. అన్నయ్య ఆయన ఎదుటే డిస్కు తుడిచాడు. నేను కౌంటర్లో కూర్చుని ఎవరికో స్కానింగు తేదీ ఇస్తున్నాను అప్పుడు.

ఆ సాయంత్రమే ఇద్దరం వెళ్ళి కాగితం ఆమె చేతికిచ్చాం. వ్యానతను మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. "వచ్చిందా మేడమ్?" అన్నాడు. వెక్కిరింపు కాదు, అలవాటు కొద్దీ అన్నాడంతే.

తర్వాత జరిగింది ఊహించినదే. కాగితం బయటపడింది, విచారణ వచ్చింది. పెద్దసారు చేతులు దులుపుకుని ఒడ్డున నిలబడ్డాడు. "మేం నమ్మి అప్పజెప్పాం, ఆయన రాసిన రూలే కొంప ముంచింది, పైగా ఆయనే డిస్కు తుడిచాడు" అన్నాడు. తుడవమన్న మాటకి సాక్ష్యం లేదు. అన్నయ్యని తీసేశారు. నాతో పలికేవాళ్ళు సగం మంది మానేశారు. నేను మాత్రం తల ఎగరేసుకునే తిరిగాను. మా అన్నయ్యలాంటి వాడు ఈ ఆసుపత్రి మొత్తం మీద ఇంకొకడున్నాడా అని మెట్ల మీద, బస్టాపులో, వీధిలో, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను. ఆ గర్వం మీదే బతికాను ఆ తర్వాతి మూడు నెలలూ.

వ్యానతను పోయిన పదహారు రోజులకి ఆమె మా ఇంటికి వచ్చింది. మధ్యాహ్నం మూడైంది. వదిన కుర్చీ వేసింది, కూర్చోలేదు. మంచినీళ్ళు మాత్రం తాగింది. అన్నయ్య నిలబడే ఉన్నాడు, నేను తలుపు దగ్గర.

"ఒకటి అడగాలని వచ్చానండీ. అప్పుడే చూసుంటే బతికేవాడా?"

తెలీదని చెప్పు, నీకేం తెలుసు, నువ్వేం డాక్టరువి కాదు కదా అని నేను మనసులో మొత్తుకుంటున్నాను.

"బతికేవాడేనమ్మా" అన్నాడు అన్నయ్య.

ఆమె ఏడవలేదు. "మిమ్మల్ని తిట్టాలనే వచ్చాను. రావట్లేదు" అంది. గ్లాసు వదినకిచ్చేసి చెప్పులేసుకోబోతూ, ఏదో తట్టినట్టు ఆగింది.

"ఆ ఏడు వారాల్లో మా ఆయనది ఒక్కటేనా అండీ ఆగింది?"

అన్నయ్య గుమ్మం దాకా వచ్చాడు.

"కాదమ్మా. నలభై ఒకటి."

"వాళ్ళకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నాకు గుర్తున్న ల్యాబులకి ఉత్తరాలు రాశాను, ఉద్యోగంలో లేనివాడివి నీకెందుకన్నారు. పెద్దసారుని అడిగాను, అలాంటివేం లేవన్నారు. ఆ పేజీలు పోయాయి."

"మరి నా కాగితం తీసినప్పుడే అవి కూడా తియ్యొచ్చు కదండీ?" ఆమె గొంతులో నింద లేదు, నిజంగానే అర్థం కాక అడిగింది. "నేను తిరిగాను కాబట్టి ఆయన పేరు మీకు తెలిసింది. తిరగనివాళ్ళు ఇంకా ఫోనొస్తుందని చూస్తూ ఉంటారు కదా?"

అన్నయ్య నా వైపు చూడలేదు. చూస్తాడేమోనని నేను వీధి వైపు తిరిగాను.

"నాకు తోచలేదమ్మా" అన్నాడు. "అప్పుడు నా బుద్ధికి తోచలేదు."

ఆమె అన్నయ్యని పైనుంచి కిందికి చూసింది. ఇంతసేపూ నోట రాని తిట్టు అప్పుడు ఆ చూపులో వచ్చింది. "మీకు తోచాల్సింది" అని గుమ్మం దిగింది.

ఆపింది నేనని, ఒక్కటి చాలన్నది నేనని, పిలిచి చెప్తే వినేంత దూరంలోనే నడుస్తోంది ఆమె. అన్నయ్య లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. నేను తలుపు పట్టుకుని, ఆమె మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. పిలవలేదు.